పరదేశంలో పెళ్ళి – పొదుపుగా ఫొటోలు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పెళ్ళంటే నూరేళ్ళ పంట అంటారు పెద్దలు. ఇప్పుడా పంట చాలా ఇళ్ళలో సముద్రాలకు అవతల పండుతోంది. పిల్లలకు సెలవు దొరకదు. దొరికి వచ్చినా, తిరిగి వెళ్ళడానికి వీసా వస్తుందో రాదో అన్న బెంగ. అందుకని "అమ్మా, ఇక్కడే గుళ్ళో చేసేసుకుంటాం. మీరిద్దరూ వచ్చి నాలుగు అక్షింతలు వేయండి, చాలు" అంటున్నారు. ఆ ఇద్దరి టిక్కెట్లకే చేతిలో ఉన్నది కాస్తా అయిపోతుంది. ఇంటిల్లిపాదీ వెళ్ళడం ఎవరి తరం? వెళ్ళలేని వాళ్ళకు చివరికి మిగిలేవి ఫొటోలే. ఆ ఫొటోల సంగతే ఈవేళ మీతో మాట్లాడదామని వచ్చాను. నేను చదివింది పదో తరగతి దాకానే. కెమేరా శాస్త్రం నాకు తెలియదు. మా ఇంట్లో జరిగిన రెండు పెళ్ళిళ్ళు నేర్పిన పాఠం మాత్రం తెలుసు.

మా ఇల్లు నాంపల్లిలో, రైలు స్టేషనుకు దగ్గర. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. డెబ్భై తొమ్మిదేళ్ళు. మోకాళ్ళ నొప్పులతో వీధి గుమ్మం దిగడమే కష్టం, ఇక విమానం మాటెక్కడ? 2022లో మా అన్నయ్య కూతురి పెళ్ళి అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో జరిగింది. అది మా అమ్మ చేతులమీద పెరిగిన పిల్ల. ముహూర్తం అక్కడ ఉదయం 10 గంటల 12 నిమిషాలకు. అంటే మనకు రాత్రి 8 గంటల 42 నిమిషాలు. అమ్మ ఏడింటికల్లా పట్టుచీర కట్టుకుని, చేతిలో అక్షింతలు పట్టుకుని టీవీ ముందు కూర్చుంది. మా అబ్బాయి ఫోనును టీవీకి తగిలించాడు. మంత్రాలు వినిపిస్తున్నాయి, తెర పట్టారు. సరిగ్గా అప్పుడు బొమ్మ ఆగిపోయింది. తెరమీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. మళ్ళీ బొమ్మ వచ్చేసరికి పిల్ల మెడలో మంగళసూత్రం ఉంది. అమ్మ చేతిలో అక్షింతలు చేతిలోనే ఉన్నాయి. "పోనీలే, ఫొటోల్లో చూసుకుంటాను" అంది.

నెలన్నరకు ఫొటోలు వచ్చాయి. 1,460 ఫొటోలు! చెప్పులవి ఉన్నాయి, సెంటు సీసావి ఉన్నాయి, బంతిపూల దండలవి ఉన్నాయి. పిల్ల కిటికీలోంచి చూస్తూ నవ్వినవే అరవై దాకా ఉన్నాయి. జీలకర్ర బెల్లం పెట్టిన ఫొటోలు మూడంటే మూడు. ఒకదానికి పురోహితుడి భుజం అడ్డం. ఇంకోదానికి చుట్టాల చేతుల్లో ఫోన్లు అడ్డం. మూడోది వెనకనుంచి తీసింది. అప్పగింతలవి అసలే లేవు, ఎందుకంటే మాట్లాడుకున్న ఎనిమిది గంటలూ అప్పటికే అయిపోయాయి. వీటికోసం అన్నయ్య ఇచ్చింది 2,800 డాలర్లు. అమ్మ రెండు సాయంత్రాలు కూర్చుని అన్నీ తిప్పి చూసింది. చివరికి నన్ను పిలిచి "ఏమే, పిల్ల తలమీద అతను చెయ్యి పెట్టింది కనిపించేది ఒక్కటీ లేదుటే?" అని అడిగింది. నేనేం చెప్పను?

ముందు ఆ ఫొటోగ్రాఫరును నలుగురం నాలుగు మాటలూ అనుకున్నాం. తర్వాత నిదానంగా ఆలోచిస్తే, ఆయన తప్పేముంది? ఆయనకు అలవాటైన పెళ్ళిలో ఉంగరాలు మార్చుకోవడం, ముద్దు పెట్టుకోవడం, కేకు కోయడం ముఖ్యం. ఆ సమయానికి హాలంతా నిశ్శబ్దమైపోతుంది, కళ్ళన్నీ అటే ఉంటాయి. మన పెళ్ళిలో అసలు ఘడియకే మేళం హోరెత్తిపోతుంది. పది మంది లేచి ముందుకు తోసుకొస్తారు. మధ్యలో తెరొకటి. తాళి కట్టడం ముఖ్యమని ఆయన ఎక్కడో విన్నాడట. అందుకని తెర పట్టిన సమయం చూసి కెమేరాలో బ్యాటరీ మార్చుకుంటున్నాడు. "పదింటికి రండి" అని చెప్పినవాళ్ళమే గాని, 10 గంటల 12 నిమిషాలకు ఏం జరుగుతుందో ఆయనకు మేమెవరమూ చెప్పలేదు.

ఆ రోజుల్లోనే నా పెళ్ళి ఆల్బం బీరువాలోంచి తీసి చూశాను. 2001లో మా పెళ్ళి. ఫొటోలు తీసినాయన అబిడ్స్‌లో స్టూడియో నడిపేవాడు. అప్పుడు రీళ్ళ కాలం కదా, రీలుకు 36 ఫొటోలు. మా నాన్నగారు ఆరు రీళ్ళకు ఒప్పుకున్నారు. అంటే 216. ఇక ఒక్కటి ఎక్కువ తీయాలన్నా డబ్బే. ఆయన ముందురోజు సాయంత్రం మా ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ అమ్మను అడిగి చిన్న నోటుబుక్కులో రాసుకున్నాడు. "అమ్మగారూ, మీ ఇంటి పద్ధతిలో ముందు ఏది, తర్వాత ఏది? పెళ్ళికూతురిని గంపలో ఎవరు తెస్తారు? కాళ్ళు కడిగేది ఏ వైపు కూర్చుని?" ఇలాగ. ఆ 216లో రానిదంటూ ఏమీ లేదు. మా మేనమామ గంప మోస్తూ ఆయాసపడటం కూడా ఉంది. రీలు ఖరీదు గనక ఆయన అడిగాడు, అమ్మ చెప్పింది. ఇప్పుడు రీలు ఖర్చు పోయింది. దానితోపాటు ఆ అడగడం, చెప్పడం కూడా పోయాయి. కాని ఖర్చు పోయిందా? లేదు. రీలుకు బదులు గంటల లెక్క వచ్చింది.

ఫొటో తీసే మనిషికి మన ఇంటి ఆనవాయితీ తెలియాలన్నది కొత్త సంగతేం కాదండీ. మన హైదరాబాదులోనే దానికి పెద్ద ఉదాహరణ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌గారి ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ పేరు మీరు వినే ఉంటారు. ఆయన 1892లో ఇక్కడ ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జెనానా స్టూడియో తెరిచారు. మగవాళ్ళ కంట పడకుండా వాళ్ళు ఫొటో తీయించుకోవాలంటే ఎలాగ? అందుకని ఆ స్టూడియోను మిసెస్ కెన్నీ లెవిక్ అనే దొరసానికి అప్పగించారు. పేరుపడ్డ కెమేరా తన చేతిలో ఉన్నా, ఆ ఫొటోలకు తాను పనికిరానని ఆయన గ్రహించారు చూశారూ, అదీ తెలివంటే.

ఇక రెండో పెళ్ళి సంగతి. 2024 మే నెలలో మా అక్క కొడుకు పెళ్ళి ఇంగ్లండులో ఒక చిన్న ఊళ్ళో జరిగింది. నలభై అయిదు మంది జనం. వాడు ముందే చెప్పేశాడు. "పిన్నీ, ఫొటోలకు నాలుగు వందల పౌండ్లు. అంతకుమించి నా దగ్గర లేదు. అమ్మమ్మ మాత్రం మళ్ళీ ఏడవకూడదు." సరే, అందరం ఫోనులో కూర్చుని ఒక పద్ధతి వేసుకున్నాం. ఆ పద్ధతి మీకూ పనికొస్తుందని వరసగా చెబుతాను.

మొదటిది, గంటలు. ఆ దేశాల్లో చాలామంది ఫొటోగ్రాఫర్లు గంటల లెక్కన తీసుకుంటారు. అలంకరణ దగ్గర మొదలుపెట్టి రాత్రి విందు దాకా రమ్మంటే పది గంటలవుతుంది. మేము ముహూర్తానికి అటూ ఇటూ కలిపి నాలుగు గంటలే తీసుకున్నాం, పది నుంచి రెండు దాకా. ముస్తాబు, భోజనాలు, ఆటపాటలు మావాళ్ళే ఫోన్లలో తీశారు. ఎండాకాలపు శనివారాలకు అక్కడ గిరాకీ ఎక్కువ. మా అదృష్టంకొద్దీ శుక్రవారం ముహూర్తం కుదిరింది, కొంత తగ్గించారు. వృత్తిలోకి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి దొరికింది. కొత్తవాళ్ళయితే చవక, కాని పనితనం ఎలా తెలుస్తుంది? మంచివి ఏరి పెట్టిన ఇరవై ఫొటోలు చూసి మోసపోకండి. ఏదైనా ఒక పెళ్ళి మొదటినుంచి చివరిదాకా తీసినవన్నీ చూపించమని అడగండి. చీకటి మూలల్లో, జనం మధ్య ఎలా తీస్తారో అప్పుడు బయటపడుతుంది.

"మన అబిడ్స్ ఫొటోగ్రాఫరునే టిక్కెట్టు కొని తీసుకుపోతే?" అని మా అక్క అడిగింది. టిక్కెట్టు, బస కలిపితే అక్కడి మనిషి ఖర్చును మించిపోతుంది. పైగా చుట్టపుచూపు వీసాతో వెళ్ళి డబ్బు తీసుకుని పనిచేయడానికి చాలా దేశాలు ఒప్పుకోవు. ఆ దేశపు నిబంధన కనుక్కోకుండా ఆ పని పెట్టుకోవద్దు.

రెండోది, జాబితా. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు. మా అమ్మ చెబుతుంటే నేను రాశాను, మా అబ్బాయి ఇంగ్లీషులో పెట్టాడు. పద్నాలుగు అంశాలు, ఒకే కాగితం. గౌరీపూజ. మేనమామ పెళ్ళికూతురిని తేవడం. కాళ్ళు కడిగి కన్యాదానం చేయడం. తెర పట్టడం. జీలకర్ర బెల్లం. తెర తీయగానే ఇద్దరూ చూసుకోవడం. మంగళసూత్రం. తలంబ్రాలు. బిందెలో ఉంగరం తీయడం. కొంగుముడి. సప్తపది. మెట్టెలు. అరుంధతిని చూపించడం. అప్పగింతలు. మీ ఇంటి వరస వేరేగా ఉండవచ్చు, మీ పద్ధతిలోనే రాసుకోండి. ప్రతిదాని పక్కనా మూడు సంగతులు రాశాం. ఎవరెవరు కనిపించాలి, ఫొటో తీసే మనిషి ఎటు నిలబడాలి, అది ఎంతసేపు ఉంటుంది. తలంబ్రాలు అయిదు నిమిషాలు ఉంటాయి, ఒకటి పోయినా ఇంకోటి దొరుకుతుంది. తెర తీసిన చూపు రెండు క్షణాలే, పోతే మళ్ళీ రాదు. ఈ తేడా పైవాళ్ళకు మనం చెప్పాలి.

ముహూర్తం నిమిషంతో సహా రాయాలి, అదీ అక్కడి గడియారం ప్రకారం. ఇంగ్లండులో మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబరు ఆఖరి ఆదివారం దాకా గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు. ముహూర్తం ఏ గడియారం ప్రకారం గుణించారో పురోహితుడిని అడిగి తేల్చుకోండి. మాది 11 గంటల 20 నిమిషాలు. అది ఆ అమ్మాయి కాగితంమీద ఎర్ర సిరాతో రాశాం.

కాగితం ఇచ్చి ఊరుకోలేదు. పెళ్ళికూతురి స్నేహితురాలిని, తెలుగు పిల్లనే, ఆ అమ్మాయి పక్కన నిలబెట్టాం. "ఇప్పుడు తెర తీస్తారు, ఇటు రా" అని చెవిలో చెప్పడమే దాని పని. పురోహితుడికి కూడా ముందే మనవి చేశాం, ఆ సమయానికి కాస్త పక్కకు జరగమని. ఆయన నవ్వి "అలాగేనమ్మా" అన్నారట. చుట్టాలను కూడా ఆ రెండు నిమిషాలూ ఫోన్లు దించమని మా అక్క చేతులు జోడించి అడిగింది.

మూడోది, వెలుతురు. మండపానికి నీలం, ఊదా రంగు దీపాలు పెడుతున్నారు ఇప్పుడు. కంటికి బాగానే ఉంటాయి. ఫొటోలో మాత్రం పసుపు బట్ట ఆకుపచ్చగా, కుంకుమ నల్లగా పడుతుంది. ముహూర్తం వేళకు రంగు దీపాలు ఆర్పించి తెల్లదీపాలు ఉంచండి. పీటలు వేసేటప్పుడు పెళ్ళివారి వెనక పెద్ద కిటికీ లేకుండా చూసుకోండి. వెనక వెలుగు ఉంటే ముఖాలు చీకటయిపోతాయి. కిటికీ పక్కగా ఉంటే మంచిది. ఫోన్లలో తీసే పిల్లలకు మూడే మాటలు చెప్పండి. అద్దం మెత్తటి బట్టతో తుడవాలి, పెళ్ళింట్లో చేతులకు నూనె, పసుపు ఉండనే ఉంటాయి. బొమ్మను వేళ్ళతో పెద్దది చేయకుండా దగ్గరికి నడిచి తీయాలి. ఫొటోగ్రాఫరుకు అడ్డం రాకూడదు.

నాలుగోది, ఒప్పందపు కాగితం. మొహమాటపడకండి. ఎన్ని ఫొటోలు ఇస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, గంట దాటితే ఎంత, పూర్తి సైజు ఫైళ్ళు ఇస్తారా లేదా అన్నవన్నీ రాయించుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోమీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్ళదే. అక్కడ మాత్రం అలా అనుకోవద్దు. అమెరికాలో సాధారణంగా హక్కు ఫొటోగ్రాఫరుకే ఉంటుంది. కెనడాలో కూడా 2012లో చట్టం మార్చి ఫొటోగ్రాఫరుకే ఇచ్చారు. కాబట్టి "మా ఇంటి వాడకానికి ఎక్కడైనా, ఎన్ని కాపీలైనా ప్రింటు వేయించుకోవచ్చు" అన్న ఒక్క వాక్యం రాయించుకోండి. ఆ వాక్యం ఉంటే ప్రింట్లు అక్కడి ధరకు కొనక్కర్లేదు, మన అబిడ్స్‌లో వేయించుకోవచ్చు.

అయిదోది, సంతకాల ఫొటో. ఇంగ్లండులో ఏడడుగులు నడిచినంతమాత్రాన చట్టం దృష్టిలో పెళ్ళి అయినట్టు కాదు. రిజిస్ట్రారు దగ్గర గాని, అనుమతి ఉన్న చోట చట్టం చెప్పిన పద్ధతిలో గాని జరగాలి. మావాళ్ళు రెండు రోజుల ముందు ఆ పని చేసుకున్నారు. దానికి స్నేహితుడి ఫోను చాలింది. వీసాల దగ్గర పెళ్ళి సర్టిఫికెట్టే అసలు కాగితం, ఫొటోలు దానికి తోడు సాక్ష్యం మాత్రమే. రెండు వైపుల పెద్దలూ ఉన్న ఫొటోలు నాలుగు ప్రింటు వేయించి కాగితాలతో ఉంచితే, అడిగినప్పుడు చూపించడానికి ఉంటాయి. ఈ సందర్భంలో మీకు సంతోషం కలిగే మాట ఒకటి. ఇంగ్లండు, వేల్స్ దేశాల్లో పెళ్ళి సర్టిఫికెట్టుమీద ఎప్పటినుంచో తండ్రుల పేర్లే ఉండేవి. 2021 మే 4 నుంచి తల్లుల పేర్లు కూడా వేస్తున్నారు. మా అక్క తన పేరున్న ఆ కాగితాన్ని పెళ్ళి ఫొటోలకన్నా ముందు మాకు పంపించింది!

ఆరోది, ప్రింట్లు. ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపుకుంటే అవి కుదించుకుపోతాయి. ఫోనులో చూడ్డానికి బాగానే ఉంటాయి, పెద్దవి చేస్తే చెదిరిపోతాయి. నాలుగంగుళాలు, ఆరంగుళాల చిన్న ప్రింటు స్పష్టంగా రావాలంటే సుమారు ఇరవై లక్షల చుక్కలు చాలు. పన్నెండు, పద్దెనిమిది అంగుళాల పెద్ద ఫొటోకు సుమారు ఒక కోటీ తొంభై లక్షలు కావాలి. అందుకని పూర్తి సైజు ఫైళ్ళు పెన్‌డ్రైవులో తెప్పించుకోండి. రెండు కాపీలు చేసి రెండు ఇళ్ళలో దాచండి, ఒకే ఇంట్లో రెండు బీరువాల్లో కాదు. అన్నీ ప్రింటు వేయించనక్కర్లేదు. ఫొటోలను పట్టుకునే జిగురు పుటల ఆల్బం చవగ్గా దొరుకుతుంది గాని, ఆ జిగురుకు ఏళ్ళ మీద ఫొటోలు పాడవుతాయి. మూలలు దూర్చే ఆల్బం మేలు.

ఇంగ్లండు అమ్మాయి మూడు వారాల్లో 310 ఫొటోలు పంపించింది. నేను పెన్‌డ్రైవు కొంగున కట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని, నాంపల్లి స్టేషను రోడ్డుమీదుగా అబిడ్స్‌కు నడిచి వెళ్ళాను. ముందు అన్నీ అమ్మకు చూపించి, ఏవి కావాలో ఏరమన్నాను. ముప్పై ఆరు ఏరింది. ఒక రీలు!

ప్రింట్లు తెచ్చి ఇచ్చిన సాయంత్రం అమ్మ కళ్ళజోడు తుడుచుకుని, కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుంది. జాబితాలో ఆరో అంశం చేతిలోకి తీసుకుంది. తెర సగం దిగింది. ఇద్దరి చేతులూ ఒకరి తలమీద ఒకరివి ఉన్నాయి. పిల్లవాడు చూస్తున్నాడు, పిల్ల అప్పుడే కళ్ళెత్తుతోంది. వెనక మా అక్క, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. అమ్మ చాలాసేపు చూసి, లోపలికి వెళ్ళి పూజగదిలోంచి నాలుగు అక్షింతలు తెచ్చి ఆ ఫొటోమీద వేసింది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పెళ్ళి మాట నడుస్తుంటే, హాలు, భోజనాలు మాట్లాడకముందే మీ అమ్మనో అత్తగారినో పక్కన కూర్చోబెట్టుకుని ఆ జాబితా రాసేయండి. ఆ వరస మనకు నోటికి వచ్చు గాని, ఎక్కడో ఉన్న ఫొటోగ్రాఫరుకు మనం చెబితే తప్ప తెలియదు కదా!